గేటుకు ఇవతల కత్తెర మామ

ఆ సోమవారం పొద్దున్నే కత్తెర మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లెవేస్తున్నాడు. సాయంత్రం బజారు సంఘం సమావేశం. ఇరవై రెండు కొట్లున్న ఆ పాత బజారులో ఏటేటా ఆయన చెప్పే మాట ఒకటే: "సరుకుకీ మనిషికీ అడ్డు పెట్టకూడదు. తలుపులు బార్లా తీసి ఉంచండి. పనితనం ఉన్నవాడు నిలుస్తాడు, లేనివాడు నేర్చుకుంటాడు."

"ఈసారైనా త్వరగా ముగించండి. పోయినేడు సగంమంది కునుకు తీశారు," అంటూ భార్య క్యారేజీ చేతికిచ్చింది. "ఉపన్యాసం ధ్యాసలో పడి అమ్మాయి గౌను మర్చిపోయేరు! బుధవారం మధ్యాహ్నం రెండింటికే ప్రమాణం."

కూతురు ఆ బుధవారమే లాయరు కాబోతోంది. నల్ల గౌను నాన్నే కుట్టాలని పట్టుబట్టింది. ఎడమ చెయ్యి తప్ప అంతా పూర్తయింది.

మామ బజారులో తన కుట్టుకొట్టు తెరిచేసరికి, ఎన్నాళ్లుగానో మూతబడి ఉన్న ఎదురు గది తలుపులు తీసి ఉన్నాయి. లోపల ఒక కుట్టుమిషను. పైన బోర్డు: 'ప్యాంటు అంచులు, జిప్పులు, మార్పులు – గంటలో'.

మామ ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. ప్యాంటు అంచు మడిచివ్వడానికి ఆయన పెట్టే గడువు మూడు వారాలు.

నలభై ఏళ్లావిడ గుమ్మంలోకి వచ్చి, పుస్తకం చదివినట్టు ఒక్కొక్క మాటే పలికింది. "నమస్కారం అండి. నేను వేరే దేశం నుంచి వచ్చాను. పైగదిలో ఉంటాను. మీకు ఇబ్బంది లేదు కదా?"

"అబ్బే, ఇబ్బందేముందమ్మా!" అన్నాడు మామ. అన్నాక రోజంతా ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

సాయంత్రం ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు. "తలుపులు తీసి ఉంచాల్సిందే. కాదన్నదెవరు? కానీ తలుపుకి గొళ్లెం కూడా పెట్టారంటే పెద్దవాళ్లు ఊరికే పెట్టారా?"

కునుకు తీస్తున్నవాళ్లంతా కళ్లు తెరిచారు. మామ అప్పటికప్పుడు తీర్మానం రాసేశాడు: ఈ బజారులోనే పుట్టినవారు ఎవరైనా సంతకం పెట్టి, మంచి మాట రాసిస్తే తప్ప బయటివాళ్లు గేటు దాటి లోపలికి రాకూడదు. టీకొట్టాయన దానికి 'బయటి టీ' కలపమన్నాడు. గాజు సామానాయన 'బయటి గ్లాసులు' అన్నాడు. ఇలా అయితే తెల్లారుతుందని 'బయటి సరుకు ఏదైనా' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చప్పట్లు మారుమోగాయి. ఇంటికొచ్చిన మామ మాత్రం భార్య ముఖంకేసి చూడకుండా అన్నం తిన్నాడు.

బజారు గేటు దగ్గర కాపలా ఉండే మేజరు ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. ఆ పేరు మీసం వల్ల వచ్చింది. రాసింది రాసినట్టు చేయడమే ఆయనకు తెలిసిన విద్య. మంగళవారం పొద్దున పాల బండి ఆపాడు. టీపొడి ఆపాడు. తర్వాత మామకు రావలసిన నల్లదారం రీళ్లు ఆపాడు.

మామ పరుగున వచ్చాడు. "మేజరూ, అది నా దారమయ్యా!"

"మీదే సార్. కానీ బయటిది."

"దారం లోపల పండుతుందటయ్యా?"

"ఆ సంగతి తీర్మానంలో లేదు సార్."

గౌను ఎడమ చెయ్యి అలాగే ఉండిపోయింది.

బుధవారం ఇంకో దారం రీలు జేబులో దాచుకుని మామ భార్యాకూతుళ్లతో వచ్చేసరికి గేటు బయట పెద్ద గుంపు. అందరూ బజారువాళ్లే. మేజరు ముందురోజంతా పాత రిజిస్టరు తిరగేసి, ఎవరెక్కడ పుట్టారో తేల్చాడట. టీకొట్టాయన కొండమీద పుట్టాడు. గాజు సామానాయన రైల్లో పుట్టాడు.

"మీది ఏటి అవతల సార్," అన్నాడు మేజరు.

ముప్పై ఏళ్ల బజారు బతుకులో మామ ఆ ముక్కే శుభ్రంగా మర్చిపోయాడు. "అయితే తీర్మానం రద్దు చేసేస్తాం!"

"చేయొచ్చు సార్. సమావేశం హాల్లోనే జరగాలి. హాలు లోపలుంది."

భార్య నుదురు కొట్టుకుంది. కూతురు గడియారం చూసుకుని, నాన్న భుజం తట్టింది. అదే మామకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు గేటు ఊచల అవతల ఆ కొత్తావిడ కనిపించింది. పైగదిలోనే పడుకుంది కాబట్టి ఆవిడ గేటు దాటవలసిన పనే పడలేదు. ఇరవై రెండు కొట్ల బజారులో ఆవిడొక్కతే మిగిలింది.

మామ ఊచలు పట్టుకున్నాడు. "అమ్మా, మా అమ్మాయి గౌను మిషను మీదుంది. ఒక్క చెయ్యి కుట్టాలి. అడిగే మొహం లేదు నాకు. ఆ రూలు నేనే రాశాను."

"తెలుసండి. నోటీసు చదివాను," అందావిడ. "నాకు చదవడం బాగా వచ్చు. మాట్లాడటమే నెమ్మది. తాళంచెవి ఇవ్వండి."

తాళం లోపలిదే కాబట్టి చెవిని మేజరు పోనిచ్చాడు. అరగంటలో గౌను వచ్చింది. దారం ఆవిడ తన దేశం నుంచి పెట్టెలో తెచ్చుకున్నది; మామ జేబులోని రీలు బయటిదే కదా. మామ అలవాటు కొద్దీ ఎడమ చేతి కుట్టు తిరగేసి చూశాడు. కుడి చెయ్యి కంటే బాగుంది.

మేజరు అడ్డుపడలేదు. "బయటికెళ్లే సరుకుకి రూలు లేదు సార్."

కూతురు గౌను వేసుకుని, ఆవిడ రెండు చేతులూ ఊచల సందుల్లోంచి పట్టుకుంది. తర్వాత మేజరుకేసి తిరిగింది. "ఇంతకీ మీ రిజిస్టరు ప్రకారం ఈ బజారులో పుట్టినవాళ్లు అసలున్నారా అండీ?"

"ఒక్కరున్నారమ్మా," అని మేజరు పాత పేజీ తీసి చూపించాడు. "మీ ఎదురు గదిలో ఒకప్పుడు గొడుగులు బాగుచేసేవాడు ఉండేవాడు. ఆయన కూతురు పైగదిలోనే పుట్టింది. మూడేళ్లప్పుడు తల్లి దేశం దాటించింది." వేలు ఊచల అవతలికి చూపించాడు. "పేరు సరిచూశాను. ఈవిడే."

గుంపంతా ఊచల దగ్గరికి తోసుకొచ్చింది.

"మరి మొన్నే చెప్పలేదేమమ్మా?" అన్నాడు మామ పీలగా.

"మీరు అడగలేదండి. అయినా ఇక్కడ పుట్టకపోతే నా కుట్టు వదులవుతుందా?"

అలా అంటూనే ఆవిడ అందరూ ఊచల్లోంచి చాచిన కాగితాలు అందుకుని ఇరవై రెండు కొట్లవాళ్లకీ ఓపిగ్గా సంతకాలు పెట్టింది. మామ కాగితంలో మంచి మాట రాయవలసిన చోట కాసేపు ఆలోచించి ఇలా రాసింది: 'మంచివాడు. కాస్త నిదానం.'

ఒంటిగంటకల్లా హాల్లో సమావేశం జరిగి తీర్మానం రద్దయింది. ఉపన్యాసం లేదు. రెండు గంటలకు కోర్టులో కూతురు ప్రమాణం చేస్తుంటే, వెనక బెంచీలో భార్యకూ కొత్తావిడకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న మామ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వారం ప్యాంటు అంచుల కోసం బజారుకొచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఎదురు కొట్టుకే వెళ్లారు. పదో ఆయనకు దారి తెలియకపోతే మామే వెంటబెట్టుకుని తీసుకెళ్లి దిగబెట్టాడు.