తలుపు పక్క సీటు

"ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికి సభలో కూర్చోవాల్సిన అవసరం లేదని నిరూపించిన ఏకైక మహానాయకుడు మన ఎమ్మెల్యేగారు" అంటూ పార్టీ కార్యాలయం ఒక ప్రకటన విడుదల చేసింది. అది రాసింది ఆయన బావమరిది. అక్క మొగుడి దగ్గర పీఏగా చేరినప్పట్నుంచీ ఇలాంటివన్నీ అతనే రాస్తున్నాడు. మిగతా ప్రకటనల సంగతి ఎలా ఉన్నా, ఇందులో మాత్రం ఒక్క ముక్క అబద్ధం లేదని అతను ఎక్కడైనా ఒట్టేసి చెప్పగలడు.

ఎమ్మెల్యేగారు వరసగా మూడుసార్లు ప్రతిపక్షం తరఫున గెలిచారు. మూడుసార్లూ సభలో తలుపు పక్క సీటే కావాలని పట్టుబట్టి సంపాదించారు. తక్కినవాళ్లు ప్రసంగాలు నేర్చుకుంటూ, చట్టాలు చదువుకుంటూ కాలం వృథా చేస్తుంటే ఆయన ఒకే ఒక్క విద్య మీద మనసు పెట్టారు. అది వాకౌట్. ఆ విద్యలో ఆయన చూడని లోతు లేదు. లేసులు కట్టుకునే బూట్లు వేసుకోరు. బల్ల మీద కాగితం పెట్టుకోరు, లేచేటప్పుడు ఏరుకోవాల్సి వస్తుందని. కారిడార్లో కెమెరాలు ఎడమ పక్కనుంటాయి కనుక తల ఎడమకే తిప్పుతారు. కొత్తగా గెలిచిన వాళ్లను కూర్చోబెట్టి క్లాసు కూడా తీసుకునేవారు.

"తలుపు నెట్టాలో లాగాలో తెలియనివాడు ప్రజలకేం సేవ చేస్తాడయ్యా?" అన్నది మొదటి పాఠం.

సభలో పార్టీ నాయకుడు కళ్లజోడు తీసి, మడిచి, "దీనికి నిరసనగా" అంటాడు. అంతే. ఆ తర్వాత మాట ఏమిటో ఎమ్మెల్యేగారు ఏనాడూ వినలేదు. అప్పటికే తలుపు దాటేసేవారు. వెనకాల శిష్యులంతా వరసగా నడిచేవారు. దేనికి నిరసన అని అడగటం సిలబస్‌లో లేదు.

"మనం వచ్చేశాక లోపల ఏం చేస్తార్రా?" అని ఒకసారి కారులో బావమరిదిని అడిగారు.

"బిల్లులు పాస్ చేస్తారు బావగారూ."

"మనం లేకుండానే?"

"మీరు లేరు కాబట్టే."

ఆయన కిటికీ అద్దం ఎక్కించి, "వీళ్లకి సిగ్గు లేదు" అన్నారు.

ఇలా సాఫీగా సాగిపోతున్న రాజకీయ జీవితంలో పెద్ద కష్టం వచ్చిపడింది. పార్టీ గెలిచింది.

గెలవడమంటే బొటాబొటిగా గెలిచింది. పార్టీ నాయకుడు ముఖ్యమంత్రయ్యాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన ఎమ్మెల్యేగారిని ఇంటికి పిలిపించుకుని టీ ఇచ్చి, "తమ్ముడూ, ఈసారి బడ్జెట్ ఓటింగు మనకి చావుబతుకుల సమస్య. అది ఓడిపోతే ప్రభుత్వం పడిపోతుంది. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. కూర్చో" అన్నాడు. కూర్చుంటే మంత్రి పదవి ఇస్తానన్నాడు. నియోజకవర్గానికి ఏం కావాలో కూడా అడిగాడు. ఎమ్మెల్యేగారు బావమరిది వంక చూశారు.

"గుట్ట మీద కాలనీకి నీళ్ల పైపులైనండీ" అన్నాడు బావమరిది వెంటనే.

అతను ఉండేది ఆ కాలనీలోనే. అక్కడికి ట్యాంకర్ ఎక్కదు. కింద రోడ్డు మీదే ఆగుతుంది. అక్కణ్నుంచి పైదాకా బకెట్లతో మోసుకోవాలి. మోసీ మోసీ అతని భార్యకి కుడి భుజం పట్టేసింది. ఇక బరువు ఎత్తొద్దని డాక్టర్ చెప్పాడు. నీళ్లెలా తెచ్చుకోవాలో మాత్రం చెప్పలేదు. బావమరిది మోద్దామంటే అతనికి తెల్లవారకముందే ఎమ్మెల్యేగారి ఇంట్లో ఉండాలి, ప్రజాసేవ ఉంటుంది. బడ్జెట్ పుస్తకంలో గుట్ట కాలనీ పేరు చూసిన రోజు అతను ఇంటికెళ్లి ఆ పేజీ భార్యకి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఓటింగు అయ్యేదాకా బకెట్లు పారెయ్యను లెండి" అంది.

ఆ మర్నాటి నుంచి శిక్షణ మొదలైంది. ఎమ్మెల్యేగారి హాల్లో భోజనాల కుర్చీలు సభలో ఉన్నట్టు వరసగా వేశారు. బావమరిది ఎదురుగా నిలబడి కళ్లజోడు తీసి, మడిచి, "దీనికి నిరసనగా" అన్నాడు. ఎమ్మెల్యేగారు గేటు దగ్గర దొరికారు.

"బావగారూ, లేవకూడదు."

"లేవలేదురా. కాళ్లు లేచాయి."

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క, "మీ బావగారి సంగతి నాకు తెలీదా?" అంది. "ఇంట్లో ఏ మాటెత్తినా వరండాలోకి నడుస్తారు. పెళ్లయిన కొత్తలో అలక అనుకుని బతిమాలేదాన్ని. ప్రాక్టీసని తర్వాత తెలిసింది."

అయినా బావమరిది పట్టు విడవలేదు. రోజూ కళ్లజోడు తీశాడు, మడిచాడు. భార్యని కూడా తీసుకొచ్చి కుర్చీల వెనక నిలబెట్టాడు. ఈయన లేస్తే ఎడమ చేత్తో భుజం నొక్కి కూర్చోబెట్టడం ఆవిడ పని. "కూర్చోండి అన్నయ్యగారూ, నీళ్లు" అనేది. మెల్లగా గేటు దగ్గర దొరికే ఆయన గుమ్మం దగ్గర దొరకడం మొదలైంది. తర్వాత కుర్చీ పక్కన. చివరికి ఒక రోజు బావమరిది ఎన్నిసార్లు నిరసన అన్నా ఆయన కదల్లేదు. నుదుట చెమట పట్టింది, పిడికిళ్లు బిగిశాయి, కానీ కదల్లేదు. అక్క దగ్గరికొచ్చి చూసి, నిద్రపోవట్లేదని ధ్రువీకరించింది. ఆ రోజు బావమరిది ఆనందం పట్టలేక కళ్లు తుడుచుకున్నాడు.

ఓటింగు రోజున ఇంకా జాగ్రత్తలు తీసుకున్నారు. తలుపు పక్క సీటు మార్పించి ఆయన్ని బెంచీ మధ్యలో, ఇద్దరు భారీ సభ్యుల నడుమ కూర్చోబెట్టారు. గట్టి లేసులున్న కొత్త బూట్లు తొడిగి, రెండు లేసులూ కలిపి ముడేశారు. బావమరిది పైన గ్యాలరీలో కూర్చున్నాడు. గ్యాలరీలో వాళ్లు మాట్లాడకూడదు, లేవకూడదు. ఆ నియమం సభ్యులకి లేదు.

ప్రతిపక్షం తరఫున మాజీ ముఖ్యమంత్రి లేచాడు. మూడు విడతలు అధికారంలో ఉండి, ముందు వరసలో కూర్చుని, వీళ్ల వాకౌట్లన్నీ తీరిగ్గా చూసిన మనిషి. బడ్జెట్ గురించి ఏవో నాలుగు ముక్కలు మాట్లాడాడు. తర్వాత కళ్లజోడు తీశాడు. మడిచాడు. ఇంట్లో బావమరిది మడిచినట్టు కాదు, అచ్చం పెద్దాయన మడిచేటట్టు.

"దీనికి నిరసనగా" అన్నాడు.

గ్యాలరీలో బావమరిది ముందున్న కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. కింద ఎమ్మెల్యేగారు లేచారు. కాళ్లు ముడిపడి ఉండటం వల్ల గెంతుతూ బయల్దేరారు. ఎడమ పక్కనున్న భారీ సభ్యుడు మర్యాదగా మోకాళ్లు పక్కకి తిప్పి దారిచ్చాడు, గురువుగారు కదా. దారిచ్చి, తానూ లేచాడు. వెనక వరస లేచింది. దాని వెనక వరస లేచింది. అందరూ ఆయన దగ్గర క్లాసు విన్నవాళ్లే. కొత్తగా మంత్రులైనవాళ్లు ఫైళ్లు బల్లల మీద వదిలేసి మరీ వచ్చారు. పెద్దాయన సగం లేచి, తన పదవి గుర్తొచ్చి, మళ్లీ కూలబడ్డాడు.

చివరి సభ్యుడు బయటికెళ్లి తలుపు మూసుకున్నాక మాజీ ముఖ్యమంత్రి తన వాక్యం పూర్తి చేశాడు. "నేనింతటితో ప్రసంగం ముగిస్తున్నాను." కూర్చున్నాడు. ప్రతిపక్షంలో ఒక్కరూ కదల్లేదు. స్పీకర్‌గారు ఓటింగు పెట్టారు. బడ్జెట్‌కి అనుకూలంగా పెద్దాయన చెయ్యి ఒక్కటే లేచింది. అది కూడా పూర్తిగా కాదు.

బావమరిది మెట్లు దిగి పరిగెత్తుకుంటూ కారిడార్లోకి వచ్చాడు. ఎమ్మెల్యేగారు తల ఎడమకి తిప్పి, పిడికిలెత్తి, మొహం వెలిగిపోతూ నిలబడి ఉన్నారు.

"బావగారూ, ఎందుకొచ్చారు బయటికి?"

"నిరసనగా."

"దేనికి?"

"అది లోపల చెప్పే ఉంటార్రా."

"లోపల ఉన్నది మన బడ్జెట్ బావగారూ. మన నీళ్లు."

ఎమ్మెల్యేగారు పిడికిలి దించారు. "ముందే చెప్పొద్దూ?" అన్నారు నొచ్చుకుంటూ.

ప్రభుత్వం ఆ సాయంత్రమే పడిపోయింది. వాకౌట్ చేసింది మొత్తం పార్టీ కనుక ఎవర్నీ సస్పెండ్ చెయ్యడానికి వీల్లేకపోయింది. అందుకని పెద్దాయన పత్రికలవాళ్లని పిలిచి, సొంత ప్రభుత్వాన్నే నిలదీసిన పార్టీ చరిత్రలో ఇంకోటి లేదని ప్రకటించాడు. మాజీ ముఖ్యమంత్రి మళ్లీ ముఖ్యమంత్రయ్యాడు. మనవాళ్లు ప్రతిపక్షం బెంచీల్లోకి తిరిగొచ్చారు. చాలారోజులకి సొంతింటికి వచ్చినట్టు అందరి మొహాల్లో కళ కనిపించింది. ఎమ్మెల్యేగారికి తలుపు పక్క సీటు వెనక్కి దొరికింది.

ఆ రోజు ఇంటికెళ్లి బావమరిది జరిగింది భార్యకి చెప్పాడు. ఆవిడ విని, మర్నాడు చీకటితోనే బకెట్లు తీసుకుని గుట్ట దిగింది. రెండు మాటలు తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. ఆవిడ ఎడమ చేత్తో ఒక్కో బకెట్టే మోస్తూ పైకి రావడం కిటికీలోంచి చూసి అతనికి ఏడుపొచ్చింది. అతను వెళ్లి అందుకోబోతే, "మీకు ఆలస్యమవుతుంది, వెళ్లండి" అంది.

ఆ నెలలోనే గుట్ట కాలనీ హాల్లో ఎమ్మెల్యేగారికి సన్మానం జరిగింది. "అధికారాన్ని గడ్డిపోచలా వదిలేసిన త్యాగమూర్తి" అని బ్యానర్ కట్టారు. ఆ మాట కూడా బావమరిదే రాశాడు, ఉద్యోగం కదా. హాలు నిండా జనం. అందరూ కిందికెళ్లి ఇంకా నీళ్లు తెచ్చుకోవాల్సినవాళ్లే. ఎమ్మెల్యేగారు పూలగుత్తి అందుకుని మైకు ముందుకొచ్చి, నిరసన అనేది సామాన్యుడి ఆయుధమని, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదని ఉద్వేగంగా చెప్పారు.

ముందు వరసలోంచి బావమరిది భార్య లేచింది.

"అన్నయ్యగారూ, మా నీళ్ల పైపు సంగతేంటి?"

"ప్రభుత్వం పడిపోయింది కదమ్మా చెల్లెమ్మా. ఉండుంటే వచ్చేది."

"ఎవరు పడగొట్టారు?"

ఎమ్మెల్యేగారు బావమరిది వంక చూశారు. బావమరిది బ్యానర్ వంక చూశాడు.

"పోరాడతాం చెల్లెమ్మా" అన్నారు ఎమ్మెల్యేగారు.

ఆవిడ కళ్లజోడు తీసింది. మడిచింది. ఇంట్లో అన్ని రోజులు కుర్చీల వెనక నిలబడి చూసిన మనిషి.

"దీనికి నిరసనగా" అంది.

వెనక వరసల్లో కుర్చీలు జరిగాయి. జనం లేచి తలుపు వైపు నడవసాగారు. అంతమందిలో ఎవరూ సరిగ్గా గమనించలేదు గానీ, వేదిక మెట్లు దిగి, జనాన్ని తప్పించుకుంటూ, అందరికన్నా ముందు తలుపు దగ్గరికి చేరింది ఎమ్మెల్యేగారే.

"నెట్టకండమ్మా, ఈ తలుపు లాగాలి" అని దారి చూపించి, ఆయన బయటికెళ్లి తల ఎడమకి తిప్పి పిడికిలెత్తారు. ఎవరో "ఎమ్మెల్యే డౌన్ డౌన్" అన్నారు. ఆ నినాదాన్ని అందుకున్న గొంతుల్లో అన్నిటికన్నా గట్టిగా, స్పష్టంగా వినిపించిన గొంతు ఎవరిదో బావమరిదికి తెలుసు. అది గుట్ట దిగి రోడ్డు మీదికి వెళ్లేదాకా వినిపిస్తూనే ఉంది.

ఖాళీ హాల్లో వేదిక మీద అతనొక్కడే మిగిలాడు. అతిథుల బల్ల మీద నీళ్ల సీసాలు మూత తియ్యకుండా అలాగే ఉన్నాయి. అవన్నీ సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరాడు.