బూజు నివారణ ఉపసంఘం

"మన సమితిలో ఇకమీదట బూజు అనేది కనిపించదు" అని పంచాయతీ సమితి అధ్యక్షులు చెంగయ్యగారు చిల్లకూరు బస్టాండులో మైకు పట్టుకుని ప్రకటించారు. ఆహార కొరత తీరాలంటే ఇంటింటా పుట్టగొడుగులు పండించాలనీ, వాటికి ప్రధాన శత్రువు బూజనీ, ఆ శత్రువు సంగతి తాను స్వయంగా చూసుకుంటాననీ సెలవిచ్చారు. నేను ఆ బస్టాండులోనే పేపర్లు అమ్ముతాను. ఒక నాయకుడు శత్రువు పేరు ఇంత స్పష్టంగా చెప్పగా వినడం అదే మొదలు. మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను.

అప్పటికి సమితి మొత్తంలో పుట్టగొడుగులు పెంచుతున్న ఇల్లు ఒక్కటే. అది మా పక్కింటి రెబెక్కమ్మక్కది. ఆమె భర్త పేరు సమాధానం. టైఫాయిడుతో మంచం పట్టి లేచాడు. జ్వరం పోయింది గానీ నోటికి ఏదీ సయించదు. చేపల పులుసు వాసనకే వాంతి. ఒకనాడు మాత్రం, "వానలప్పుడు మా అమ్మ పుట్టగొడుగుల కూర చేసేది" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని అక్క వ్యవసాయ ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు క్రీస్తురాజు చుట్టూ తిరిగింది. ఆయన మద్రాసు నుంచి విత్తనం సీసా తెప్పించి పద్ధతి నేర్పాడు. వరిగడ్డి బాగా ఉడకబెట్టి చెక్క ట్రేలలో పరవాలి. విత్తనం చల్లి, కాచి చల్లార్చిన నీళ్లే చిలకరించాలి. సబ్బుతో చేతులు కడుక్కోకుండా ముట్టుకోకూడదు, గది తలుపు ఊరికే తియ్యకూడదు.

మొదటి విడత పచ్చబూజు పట్టిపోయింది. అక్క గడ్డి పారబోస్తూ ఏడ్చింది. రెండో విడత విత్తనం నాటుకుని ట్రేల నిండా తెల్లటి దారాలు అల్లుకున్నాయి.

"ఈసారి మీ బావ అన్నం తింటాడబ్బాయా" అంది నాతో.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఆదుకుంది.

మంత్రిగారు చూడటానికి వస్తారని కబురు రాగానే చెంగయ్యగారు అక్క ఇంటికి 'ఆదర్శ పుట్టగొడుగుల కేంద్రం' అని బోర్డు కొట్టించి, జీపు నిండా అనుచరులతో తనిఖీకి వచ్చారు.

"అయ్యా, చేతులు కడుక్కోని రండి" అంటూ అక్క చెంబూ సబ్బూ చూపించింది.

చెంగయ్యగారు నొచ్చుకోలేదు. గొప్పవాళ్లు నొచ్చుకోరు.

"ఇవి రాట్నం వడికిన చేతులమ్మా. జైలుకు పోయొచ్చిన చేతులు. వీటికి బూజుంటదా?"

ఆ చేతులతోనే పసిబిడ్డ తల నిమిరినట్టు గడ్డిని నిమిరారు. అనుచరులందరూ నిమిరారు. అధ్యక్షులవారు నిమిరినదాన్ని నిమరనివాడి మీద పార్టీలో అనుమానాలొస్తాయి. ఫోటోకు వెలుతురు చాలదంటే తలుపూ కిటికీలూ బార్లా తెరిపించారు.

కొద్దిరోజుల్లోనే ఒక ట్రే పచ్చబడింది. వేరొకరైతే చేతులు కడుక్కుని ఊరుకునేవాళ్లు. చెంగయ్యగారు ఊరుకోలేదు, కడుక్కోనూ లేదు. బూజు నివారణ ఉపసంఘం వేశారు. పత్రికల ప్రతినిధిగా నన్ను కూడా వేశారు. నేను పేపర్లు అమ్మేవాణ్ణే గానీ రాసేవాణ్ణి కాదని మనవి చేశాను. నా వినయం ఆయనకు నచ్చింది.

సమస్య ఎక్కడుంటే సమావేశం అక్కడే జరగాలని ఆయన సిద్ధాంతం. ట్రేల గదిలోనే బెంచీలు వేశారు. టీలు, మసాలా వడలు వచ్చాయి. సభ్యులు దీర్ఘాలోచనలో పడి చుట్టలు ముట్టించారు. సమావేశం మీద సమావేశం జరిగిన కొద్దీ మిగతా ట్రేలలో కూడా పచ్చటి మచ్చలు లేచాయి.

"బూజు యాడుండాది? గడ్డి మీద ఉండాది" అన్నాడు పోలేరయ్య అనే సభ్యుడు. "గోడ మీద ఉందా? లేదు. గడ్డి తీసేస్తే సరి."

ఆ తర్కానికి అందరూ తలలూపారు.

"సార్, చేతులు కడుక్కుంటే..." అని క్రీస్తురాజు మొదలుపెట్టాడు. చెంగయ్యగారు ఆయన వైపు చూశారు. ఉదయగిరి కొండల్లో ఒక పోస్టు ఖాళీగా ఉందని మా అందరికీ తెలుసు. క్రీస్తురాజు గొంతు సవరించుకుని వేరే దారి పట్టాడు. "అంటే, శాస్త్రప్రకారం పుట్టగొడుగూ బూజూ ఒకే జాతి సార్."

చెంగయ్యగారు టీ గ్లాసు కింద పెట్టారు.

"మళ్లీ చెప్పు."

"ఒకే జాతి సార్."

చెంగయ్యగారు లేచి నిలబడ్డారు. "అంటే విత్తనమని చెప్పి శత్రువునే సీసాలో పెట్టి పంపించినారా మద్రాసోళ్లు?"

రాష్ట్రం విడిపోయినప్పటి నుంచీ మద్రాసు మీద ఆయనకు అనుమానమే. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గడ్డినీ విత్తనాన్నీ పెరట్లో పేడకుప్ప పక్కన పారబోశారు. ట్రేలను ఫినాయిలుతో కడిగి, ఎండబెట్టి, గదిలో వరసగా పేర్చారు.

"అయ్యా, ఒక్క ట్రే అన్నా ఉంచండి, మా ఆయన కోసరం" అంది అక్క.

"ఒక్క మనిషి కోసం సమితి పరువు పోగొట్టుకుంటామా తల్లీ?" అన్నారు చెంగయ్యగారు, ఎంతో మెత్తగా.

ఈసారి అక్క ఏడవలేదు. గడప మీద కూర్చుండిపోయింది. "పోనీలే రెబెక్కా, గంజి తాగుతాలే" అన్నాడు సమాధానం మంచం మీద నుంచి. ఆ గంజి కూడా సగం వదిలేశాడు.

మంత్రిగారు రావడానికి ముందు నాలుగు వానలు పడ్డాయి. ఆయన ట్రేల గదిలోకి వచ్చి, ఒక ట్రే అంచు మీద వేలు రాసి, ఆ వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నారు.

"ఒక్క మచ్చ లేదే!"

"రాష్ట్రంలోనే మొట్టమొదటి సంపూర్ణ బూజురహిత కేంద్రం సార్" అన్నారు చెంగయ్యగారు.

"మరి పుట్టగొడుగులు?"

"అది రెండో దశ సార్."

మంత్రిగారు తల పంకించారు. రెండో దశల గురించి ఆయనకు చాలా అనుభవం ఉంది. అంతలో ముక్కు ఎగబీల్చి, "ఏందయ్యా ఈ కమ్మటి వాసన?" అంటూ పెరటి వైపు నడిచారు. మేమూ నడిచాం.

సమాధానం పీట మీద కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. ఎన్నాళ్లయిందో ఆయన తన చేత్తో తాను కలుపుకుని.

"పుట్టగొడుగుల కూరయ్యా" అంది అక్క గరిటె పట్టుకుని. "మీవోళ్లు పారబోసిన గడ్డి మీద మొలిచినాయి. పొద్దున చూసినాను."

చెంగయ్యగారు ఆకాశం వైపు చూశారు. మంత్రిగారు మాత్రం ఇంకో పీట లాక్కుని, విస్తరాకు వేయించుకున్నారు. మారు వడ్డించుకున్నారు. మళ్లీ వడ్డించుకున్నారు. "ఇంకా ఉందా రెబెక్కా?" అని సమాధానం అడిగేసరికి గిన్నె అడుగు కనిపిస్తోంది. ఆ మాట వినడానికే అక్క అన్నాళ్లూ పడిగాపులు పడింది. అటు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుని, అడుగున ఉన్నదంతా ఊడ్చి ఆయన పళ్లెంలో వేసింది.

మంత్రిగారు చెయ్యి కడుక్కుని ప్రసన్నులయ్యారు. "అడుగమ్మా, ప్రభుత్వం నీకేం చెయ్యాల?"

పోలేరయ్య పక్క నుంచి "పంపుసెట్టు, పంపుసెట్టు" అని గొణిగాడు.

"మా ఇంటికి ఎవురూ రాకుండా చూడండయ్యా" అంది అక్క. "అంతే చాలు."

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత చిన్న కోరిక తీర్చలేని ప్రభుత్వం ఎందుకని అక్కడికక్కడే సెక్రటరీకి ఉత్తర్వులు చెప్పారు.

తరువాత క్రీస్తురాజు చాటుగా ఇంకో సీసా తెచ్చిచ్చాడు. అక్క మళ్లీ గడ్డి ఉడకబెట్టి ట్రేలలో పరిచింది. ఆ వారంలోనే గూడూరు బస్సులోంచి ఒక కొత్త మనిషి పరుపుచుట్టతో, ట్రంకుపెట్టెతో దిగి రెబెక్కమ్మగారి ఇల్లెక్కడని నన్నడిగాడు. ఆ ఇంట్లోకి ఎవరూ రాకుండా చూసే స్పెషలాఫీసరట. తీసుకెళ్లి చూపించాను.

ఆయన ఇల్లంతా కలియజూసి, ట్రేల గది తలుపు తీశాడు.

"ఇది చల్లగా ఉందమ్మా" అని ట్రేలు ఒక పక్కకు జరిపి, పరుపు దించాడు.