ఛార్జ్ లేని కణం, ఛార్జ్ తీసుకోని డైరెక్టర్

కుర్చీలో కూర్చుని బాధ్యత మాత్రం తీసుకోని అధికారులను ఎవరైనా తిడితే నాకు ఒళ్ళు మంట. వాళ్ళే లేకపోతే విజ్ఞానశాస్త్రం ఏమైపోయేది? నవ్వకండి! రుజువు చేస్తాను.

మా అక్క పనిచేసే న్యూట్రాన్ పరిశోధన కేంద్రం సంగతే తీసుకోండి. కొండంత యంత్రం, రెండు మీటర్ల మందం గోడలు. ఇనుప ముక్కను కోయకుండా, గీత పడకుండా, దాని లోపలి గుట్టంతా న్యూట్రాన్లు చెప్పేస్తాయట. ఎలా? వాటికి ఛార్జ్ ఉండదు కాబట్టి! ఛార్జ్ ఉన్న కణాన్ని లోహంలో అడుగడుగునా ఎవరో ఒకరు పట్టుకుని నిలదీస్తారు. లేనిది దర్జాగా లోపలికి వెళ్ళిపోతుంది.

ఈ సూత్రాన్ని మా అక్క కంటే బాగా ఒంటబట్టించుకున్నవారు ఆ కేంద్రం డైరెక్టర్ గారు. ఆయన అసలు ఉద్యోగం రైళ్ళ శాఖలో. ఇక్కడ ‘ఇన్‌ఛార్జ్’. పేరులో ఛార్జ్ ఉంది గానీ, పూర్తి ఛార్జ్ ఇంకా తీసుకోలేదు. ఆయనకు ముందున్న ఐదుగురూ తీసుకోలేదు. కేంద్రకంలోంచి బయటపడ్డ న్యూట్రాన్ ఓ పావుగంట బతుకుతుందట. డైరెక్టర్ గారూ వారానికోసారి వచ్చి, సరిగ్గా పావుగంట ఉండి వెళ్తారు. ఇంతకంటే శాస్త్రీయమైన హాజరు ఎక్కడైనా ఉందా?

యంత్రం తయారై మూడేళ్ళయింది. నడపాలంటే పూర్తి ఛార్జ్ ఉన్న అధికారి సంతకం కావాలి. సంతకం లేదు, యంత్రం నడవలేదు. నష్టమేముంది? ఆ గోడల మధ్య ఎండాకాలంలో ఫ్యాను కూడా అక్కర్లేదు. ఫోన్ సిగ్నల్ రాదు కాబట్టి గుమాస్తాలు కునుకు తీస్తే లేపే నాథుడు లేడు. పెద్ద క్రేన్‌కి సెక్యూరిటీ వాళ్ళు యూనిఫాంలు ఆరేసుకుంటున్నారు. ప్రారంభోత్సవం రాయి మీద డైరెక్టర్ పేరు ఐదుసార్లు చెరిపి చెక్కేసరికి, రాయి అద్దంలా పల్చబడింది!

అక్కకే ఓర్పు లేదు. ఆమె సొరుగులో పాత తువ్వాలులో చుట్టిన రైలు ఇరుసు ముక్క ఒకటుంది. తయారీలోనే ఆ లోహం లోపల ఒత్తిడి ఇరుక్కుపోయిందని, ఏదో ఒకరోజు విరుగుతుందని ఆమె అనుమానం. అదే రకం ఇరుసులు మా బావ నడిపే బండి కింద తిరుగుతున్నాయి.

“సార్, ఒక్క సంతకం పెట్టండి. రెండు రోజుల్లో తేల్చేస్తాను” అంది.

“పెట్టేద్దునమ్మా! నేనింకా ఛార్జ్ తీసుకోలేదు కదా?”

“పోనీ, రైళ్ళ శాఖలో అధికారి మీరే కదా సార్. ఆ బండ్లయినా ఆపించండి.”

“రుజువేదమ్మా?”

ఎంత మర్యాద! రెండుసార్లు ‘అమ్మా’ అన్నారు.

మా ఇంట్లో తెలివితక్కువవాడు బావ ఒక్కడే. రోజూ పొద్దున్నే డ్యూటీ పుస్తకంలో ‘బండి ఛార్జ్ తీసుకున్నాను’ అని రాసి, సంతకం పెట్టి మరీ ఎక్కుతాడు. “ఛార్జ్ అంత తొందరగా తీసేసుకుంటే ఎలా బావా? ఓ నాలుగేళ్ళు ఆలోచించు” అన్నాను. “నేను ఆలోచిస్తూ కూర్చుంటే, బండిలో వాళ్ళు ఇంటికెళ్ళేదెప్పుడురా?” అన్నాడు. ఎలా బాగుపడతాడు చెప్పండి!

పోయిన వారం బావ బండి ఇరుసు విరిగింది. న్యూట్రాన్ల ప్రమేయమే లేకుండా దాని లోపలున్నది అందరికీ కనబడింది. చూశారా, ఎంత పొదుపో! బావ వెంటనే బ్రేకు వేశాడు కాబట్టి ప్రయాణికులంతా క్షేమం. బావ నుదుటికి ఆరు కుట్లు, కుడిచేతికి కట్టు. ఆ రోజు మా అక్క ఆసుపత్రిలో బావ మంచం పక్కనుంచి కదల్లేదు. ఇంతవరకూ రాసినదాంట్లో నేను వేళాకోళం ఆడని మాట అదొక్కటే.

విచారణ జరిగింది. ఇరుసులు కొన్నవాళ్ళు, పరీక్షించాల్సినవాళ్ళు, అనుమతి ఇవ్వాల్సినవాళ్ళు అందరూ వచ్చారు. ఒక్కరికీ ఛార్జ్ లేదు. అచ్చమైన న్యూట్రాన్లు! వెతగ్గా వెతగ్గా, ఛార్జ్ తీసుకున్నట్టు సంతకం ఒకే ఒక్కటి దొరికింది. మా బావది.

నిన్న ఇంటికి ఛార్జ్‌షీట్ వచ్చింది. కట్టున్న చేత్తో బావ కవరు చింపలేకపోతే, అక్కే చింపి చదివింది. చదివి, కాగితం చివర వేలు పెట్టి నాకు చూపించింది.

డైరెక్టర్ గారి సంతకం. ఇన్నాళ్ళూ ఆయన గది ముందు మా అక్క నిలబడింది దానికోసమే.