గోధుమకంఠపు ఈలపిట్ట

ఆ ఆదివారం లైబ్రేరియన్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, బాల్కనీలో కుర్చీ వేసుకోవడం, మధ్యాహ్నం దాకా ఎవరు పిలిచినా పలక్కుండా చదువుకోవడం. ఊరు మారి నెల కావస్తోంది. పగలంతా కాలేజీ లైబ్రరీలో పిల్లల చేత చదివించడానికీ, సాయంత్రాలు అట్టపెట్టెలు విప్పడానికీ సరిపోతోంది తప్ప, తను ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. నిజానికి చదువుకోవడం కోసమే ఆవిడ ఈ ఫ్లాటు ఏరికోరి తీసుకుంది. ఊరి చివర, పై అంతస్తు, వెనకవైపు తుమ్మచెట్లు, వాటి మధ్య ఒక నీటిగుంట.

రెండో పేజీ తిప్పేసరికి గాలి వీచింది. గాలితో పాటే ఒక కూత వినబడింది. "కీ...య్... క్రిక్." సన్నగా మొదలై, సాగి, ఎవరో తుంచేసినట్టు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ అదే.

"ఏవండీ, ఇదేం పిట్టంటారు?" అని లోపలికి కేకేసింది.

భర్త లిఫ్టు మెకానిక్. ఏళ్ల తరబడి మోటార్ల పక్కన నిలబడ్డ చెవులు ఆయనవి. సన్నటి చప్పుళ్లు వాటికి ఆనవు.

"నాకేం వినబడట్లేదు. నీ ఫోన్లో యాప్ వేసిచ్చాను కదా, దాన్నడుగు," అన్నాడు గెడ్డం గీసుకుంటూ.

పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే యాప్ అది. కొత్త చోట తోచకపోతే చూసుకుంటుందని ఆయనే వేసిపెట్టాడు. ఆవిడ ఫోన్ని గాలిలోకి ఎత్తి పట్టుకుంది. తెరమీద ఒక చక్రం గిరగిరా తిరిగి ఆగింది. "గోధుమకంఠపు ఈలపిట్ట. చాలా అరుదు" అని వచ్చింది. కింద రెండు మీటలున్నాయి. ఒకటి మూసేయడానికి, ఇంకొకటి అందరితో పంచుకోవడానికి. కళ్లజోడు పుస్తకం మధ్య గుర్తుగా పెట్టి ఉండడంతో ఆవిడ చేతికి అందిన మీట నొక్కి, ఫోను పక్కన పెట్టి, మూడో పేజీలోకి వెళ్లిపోయింది.

పదో పేజీలో ఉండగా కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఒకాయన నిలబడి ఉన్నాడు. మెడలో బైనాక్యులర్సు, భుజాన చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పెద్ద కెమెరా. ఊళ్లో పళ్ల డాక్టరునని చెప్పుకున్నాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల పళ్లవైపే చూసే అలవాటు ఆయనది.

"మీరేనా మేడమ్, ఈలపిట్టని కనిపెట్టింది?" అన్నాడు గుసగుసగా.

"నేను కనిపెట్టలేదండీ, ఫోను చెప్పింది."

"అంత నిగర్వం పనికిరాదు మేడమ్. ఈ పిట్ట కోసం కొండలూ కోనలూ తిరిగాను. సెలవులన్నీ దీనికే తగలేశాను. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. అది ఇక్కడ, మీ పెరట్లో ఉందన్నమాట."

ఆయన బాల్కనీలోకి వచ్చి ఆవిడ కుర్చీలోనే కూర్చున్నాడు. గాలి వీచింది. "కీ...య్... క్రిక్." డాక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. లైబ్రేరియన్ వంటింట్లోకి వెళ్లి ఆయనకి టీ పెట్టింది. పుస్తకం ఆ పూటకి అక్కడే ఆగిపోయింది.

మరుసటి ఆదివారానికి వెనక సందు నిండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు, ముక్కాలి స్టాండ్లు, ఆకుపచ్చ టోపీలు దిగాయి. అందరూ తుమ్మచెట్ల వైపు గుడ్లప్పగించి నిలబడ్డారు. కూత వినబడ్డప్పుడల్లా అందరి తలలూ ఒకేసారి తిరిగేవి. కానీ మేడ గోడకి తగిలి మారుమోగడం వల్ల అది ఎటునుంచి వస్తోందో ఎవరికీ అంతు చిక్కేది కాదు.

ఇదంతా చూసి బిల్డింగు సెక్రటరీ ఛాతీ వెడల్పయింది. నీళ్ల పైపులూ పార్కింగు తగాదాలూ తప్ప ఆయన హయాంలో చెప్పుకోదగ్గ సంగతేదీ జరగలేదు. ఆయన డాక్టరుగారితో సంప్రదించి లిఫ్టులో ఒక నోటీసు అంటించాడు. పిట్ట బెదిరిపోకుండా, ఉదయం పూట మిక్సీలు వాడరాదు. కుక్కర్లు కూత వేయరాదు. పిల్లలు మెట్లమీద పరిగెత్తరాదు. రేడియోలూ టీవీలూ పూర్తిగా బంద్.

లైబ్రేరియన్‌కి మొదట్లో ప్రాణం లేచొచ్చినట్టే అయింది. బిల్డింగంతా తన లైబ్రరీ కంటే నిశ్శబ్దంగా ఉంది. కానీ మెట్ల దగ్గర ఎదురైన వాళ్లు ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టారు. "వచ్చి నెల తిరిగిందో లేదో మా కుక్కర్ల నోరు నొక్కేసింది మహాతల్లి," అన్న మాట ఆవిడ చెవినే పడింది.

అన్నిటికన్నా బాధ పెట్టింది కింది అంతస్తు బామ్మగారి సంగతి. సామాను దించిన రోజున పలకరించిన మనిషి ఆవిడొక్కతే. పాలవాడి దగ్గర్నుంచి ప్లంబరు దాకా అందరినీ పరిచయం చేసింది ఆవిడే. రోజూ పొద్దున్నే రేడియోలో పాటలు పెట్టుకుని, పాటకి తగ్గట్టు మోకాళ్లు వంచి లేవడం ఆవిడ వ్యాయామం.

"రేడియో లేకపోతే మోకాళ్లు వంగట్లేదమ్మాయ్," అంది బామ్మగారు కుర్చీలో కూలబడి. "ఎంతసేపు వంగాలో, ఎప్పుడు లేవాలో తెలియట్లేదు. నిన్న వంగినదాన్ని అలాగే ఉండిపోయాను, పనమ్మాయి వచ్చి లేపింది."

"నా వల్లే వచ్చిందండీ ఇదంతా."

"నీ వల్ల కాదులే. పిట్ట వల్ల," అంది బామ్మగారు. కానీ ఆ అనడంలో మునుపటి చనువు లేదు. చదవడానికి లైబ్రేరియన్ దగ్గర తీసుకున్న నవలని కూడా తిరిగి ఆవిడ చేతిలో పెట్టేసింది.

ఇది ఇలా ఉండగా, సెక్రటరీకి ఇంకో ఆలోచన వచ్చింది. ఇంతమంది నోళ్లు మూయించి, లిఫ్టు మాత్రం మూలుగుతూ తిరగడం ఆయనకి న్యాయంగా తోచలేదు. సొంత బిల్డింగులోనే మెకానిక్ ఉండగా కంపెనీకి ఫోన్ చేయడం దేనికని, శనివారం సాయంత్రం లిఫ్టు గది తాళంచెవి తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"పిట్ట కోసం కాస్త చూసిపెట్టండి," అన్నాడు.

భర్త నూనె డబ్బా పట్టుకుని పైకెళ్లాడు. చీకటి పడ్డాక మసి చేతులతో, తృప్తిగా దిగొచ్చాడు.

ఆదివారం పొద్దున్న గాలి బాగానే వీచింది. తుమ్మకొమ్మలు ఊగాయి. సందులో టోపీలన్నీ నిక్కి చూశాయి. కూత మాత్రం రాలేదు. గంట గడిచినా రాలేదు. జనంలో గుసగుసలు బయల్దేరాయి. ఎవరో తుమ్మారని ఒకరు, ఎవరింట్లోనో తాలింపు చిటపటలాడిందని ఇంకొకరు. సెక్రటరీ ఇంటింటికీ తిరిగి వంటిళ్లు వాసన చూడడం మొదలుపెట్టాడు.

బాల్కనీలో నిలబడ్డ లైబ్రేరియన్ ఇంకాసేపు చెవులు రిక్కించి వింది. "పాపం, పిట్ట వెళ్లిపోయినట్టుందండీ. దాని గొంతే వినబడట్లేదు," అంది.

"వినబడకపోతే ఏం, లిఫ్టు చూడు ఎంత మెత్తగా నడుస్తోందో," అన్నాడు భర్త టిఫిను తింటూ. "ఆ గదిలో ఒక్కటీ సరిగ్గా లేదనుకో. గేరుపెట్టె ఎండిపోయింది. కప్పీలకి నూనె చుక్క లేదు. కిటికీ రెక్కయితే మడతబందులు తుప్పుపట్టి గాలికి అటూ ఇటూ ఊగుతోంది. దానిక్కూడా సుబ్బరంగా నూనె పట్టించి వచ్చాను."

లైబ్రేరియన్ తలెత్తి పైకి చూసింది.

"కిటికీ రెక్కా?"

"అవును. మన బాల్కనీకి సరిగ్గా పైన."

"గాలికి ఊగుతూ ఉండేదా?"

"ఊగుతూ ఉండేది. చప్పుడేమన్నా చేసేదేమో, నాకు తెలీదు."

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. సంగతంతా విన్నాక ఆయన ప్లేటు పక్కన పెట్టాడు.

"ఇప్పుడే వెళ్లి ఆ నూనె తీసెయ్యండి," అంది ఆవిడ. "అందర్నీ పైకి పిలిచి, ఇదీ పిట్ట అని వినిపిద్దాం."

"నూనె వెయ్యమన్నవాళ్లున్నారు గానీ, వేసిన నూనె తియ్యమని నా సర్వీసులో ఎవరూ అడగలేదు," అన్నాడు ఆయన. అయినా భార్య ముఖం చూసి, కిరసనాయిలూ పాత బనియనూ పట్టుకుని పైకెళ్లాడు. ఆవిడ వెంట వెళ్లింది. ఆయన తుడిచాడు, గీకాడు, ఇసక కూడా చల్లి చూశాడు. ఆవిడ రెక్క పట్టుకుని అటూ ఇటూ ఊపింది. కిక్కురుమనలేదు. మనిషి పనిమంతుడు. ఒకసారి ఆయన చెయ్యి పడ్డాక ఏ బందూ మళ్లీ నోరెత్తదు.

రుజువు లేకపోతే పోయింది, నిజం నోటితోనే చెబుదామని లైబ్రేరియన్ వెనక సందులోకి దిగింది. అక్కడ పరిస్థితి తను పైనుంచి చూసినట్టు లేదు. ముఖాలన్నీ వెలిగిపోతున్నాయి. మధ్యలో పళ్ల డాక్టరు నిలబడి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"ఆ మూడో చెట్టు, రెండు కొమ్మలు కలిసే చోట. ఇటు తిరిగి నన్ను చూసింది. కంఠం దగ్గర అచ్చం గోధుమరంగు. కెమెరా ఎత్తేలోపు ఆకుల్లోకి వెళ్లిపోయింది."

"నేనూ చూశాను, తోక మాత్రం," అన్నాడు పక్కాయన.

"తోక కొంచెం పొట్టిగా లేదూ?" అన్నాడు ఇంకొకాయన, తనూ వెనకబడకుండా.

"ఆడపిట్ట. పొట్టిగానే ఉంటుంది," అని తేల్చేశాడు డాక్టరు.

లైబ్రేరియన్ గొంతు సవరించుకుంది. "డాక్టరుగారూ, మీ అందరికీ ఒక మాట చెప్పాలండీ. అసలు పిట్టే లేదు. మనం ఇన్నాళ్లూ విన్నది లిఫ్టు గది కిటికీ రెక్క. నిన్న మావారు దానికి నూనె వేశారు. అందుకే ఇవాళ చప్పుడు లేదు. తప్పు నాదే, క్షమించండి."

డాక్టరు ఆవిడ పళ్లవైపు జాలిగా చూశాడు.

"పిట్ట కూత ఆగేసరికి మీరు బెంగ పెట్టుకున్నట్టున్నారు మేడమ్. సహజం. గూట్లో గుడ్లు పెట్టాక ఆడపిట్ట కూయదు. అంతే."

"అది కాదండీ, నేను చేత్తో ఊపి చూశాను."

"చప్పుడొచ్చిందా?"

"రాలేదు. నూనె వేశారు కదా."

"చూశారా," అన్నాడు డాక్టరు అందరి వైపూ తిరిగి. అందరూ సానుభూతిగా తలలూపారు. కళ్లారా చూసిన తమని కాదని, చెవితో మాత్రమే విన్న మనిషి మాట నమ్మేవాడు అక్కడ ఒక్కడూ లేడు. సెక్రటరీ ముందుకొచ్చి, గుడ్లు పొదిగే కాలం కాబట్టి ఇకనుంచి సాయంత్రాలు కూడా చప్పుడు కూడదని ప్రకటించాడు.

లైబ్రేరియన్ తలెత్తి చూసింది. కింది అంతస్తు కిటికీలో బామ్మగారు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. కిటికీ కింద కారుతున్న కుళాయి దగ్గర మామూలు పికిలిపిట్ట ఒకటి తల ముంచి నీళ్లు తాగుతోంది. ఇన్ని కెమెరాల్లో ఒక్కటీ దానివైపు తిరగలేదు. బామ్మగారు ఒక్కతే దాన్ని చూస్తోంది.

అప్పుడు లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఎన్నడూ చేయని పని చేసింది.

"డాక్టరుగారు చెప్పింది నిజమే అయితే మనం చాలా పొరపాటు చేస్తున్నామండీ," అంది నింపాదిగా. "గుడ్లు పొదిగే ఈలపిట్టకి నిశ్శబ్దమంటేనే భయం. చుట్టూ మనుషుల అలికిడి ఉంటే పాములు రావని దానికి ధైర్యం. ముఖ్యంగా పొద్దుటి పూట, పాటలు. నేనొక పుస్తకంలో చదివాను."

ఏ పుస్తకమని ఎవరూ అడగలేదు. డాక్టరు ఒక్క క్షణం కనుబొమలు ముడిచి, "అవునవును, నేనూ చదివాను," అన్నాడు.

సాయంత్రానికల్లా లిఫ్టులో పాత నోటీసు పోయి కొత్తది వచ్చింది. పిట్ట క్షేమం దృష్ట్యా, ఉదయం పూట ప్రతి ఇంట్లోనూ రేడియో గానీ, మిక్సీ గానీ, కనీసం కుక్కరు గానీ మోగి తీరాలి. పిల్లలు వీలైనంతసేపు వెనక సందులో ఆడుకోవాలి. నిశ్శబ్దంగా ఉన్న ఫ్లాట్ల వివరాలు సెక్రటరీకి తెలపాలి.

తెల్లారేసరికి బామ్మగారి రేడియో అందుకుంది. దాని వెంటే కుక్కర్లు, మిక్సీలు, సందులో బంతి కోసం అరుపులు. పై అంతస్తు నిశ్శబ్దంగా ఉందని ఎవరో ఫిర్యాదు చేయడంతో భర్త కూడా బాల్కనీలో ఒక పాత మోటారు విప్పి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. బామ్మగారు పైకొచ్చి నవల తిరిగి పట్టుకెళ్లింది. "మోకాళ్లు వంగుతున్నాయమ్మాయ్," అని, వెళ్తూ వెళ్తూ చెంప నిమిరింది.

లైబ్రేరియన్ పుస్తకం మూసేసి ఫోను తీసింది. కనీసం ఒక్క చోటయినా నిజం నమోదు కావాలని, ఈసారి కళ్లజోడు పెట్టుకుని మరీ, ఈలపిట్ట పేరు కింద "ఇది తప్పు" అన్న మీట నొక్కింది.

చక్రం గిరగిరా తిరిగి ఆగింది. "మీ పరిసరాల్లో చాలామంది ఈ పిట్టని కళ్లారా చూసి ధ్రువీకరించారు," అని వచ్చింది. "మీరు ఈ ప్రాంతానికి కొత్త అయితే, మరికొంత శ్రద్ధగా వినండి."