జానెడు రాజ్యమవ్వ అదృశ్యం

“సదాశివా, ఈ సికింద్రాబాద్‌లో నా కళ్ళుగప్పి తప్పించుకున్న నేరస్థుడు ఒక్కడూ లేడయ్యా. ఉంటే ఈపాటికి నాకు కనబడేవాడు కదా,” అని ప్రకటించాడు రామ్మోహనరావు, మూడో అంతస్తు వరండాలో నిలబడి.

పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన సదాశివ వంగినవాడు వంగినట్టే దొరికిపోయాడు. ఎదురింటి రామ్మోహనరావు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆయన దృష్టిలో లోకంలో రెండే రకాల జనం: టికెట్ ఉన్నవాళ్ళు, నేరస్థులు. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. మోండా మార్కెట్‌లో ఒక భూతద్దం కొనుక్కుని మౌలాలి మొత్తానికి తనే డిటెక్టివ్ అనుకుంటున్నాడు. అదే రైల్వేలో, పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేసిన పాపానికి సదాశివ ఆయనకి అసిస్టెంట్ అయ్యాడు. ఆ నియామకం సంగతి సదాశివని ఎవరూ అడగలేదు.

ఇంతలో సదాశివ భార్య సుమిత్ర చేతిసంచీతో బయటికొచ్చింది. “అన్నా, జెర ఈ డబ్బా అక్కకియ్యున్రి. కాప్రల మా చెల్లె ఇంటికి పోతున్న,” అంటూ ఒక పొడవాటి స్టీలు డబ్బా రామ్మోహనరావు చేతిలో పెట్టింది. మూత మీద ఆయన భార్య సీతామహాలక్ష్మి పేరు చెక్కి ఉంది.

“బరువుని బట్టి లోపలేముందో చెప్పగలనమ్మా,” అని ఆయన మొదలుపెట్టాడు. ఇదే అదనుగా సదాశివ ఇంట్లో దూరి గడియపెట్టుకున్నాడు.

పది నిమిషాల్లో తనే ఆ గడియ తీయాల్సొచ్చింది.

సదాశివ కూతురు కల్పలత బంగారంలాంటి ఉద్యోగం మానేసి నవల రాసింది. అందులో మనుషులంతా జానెడు ఎత్తే. మన ఇళ్ళల్లోనే మన కంటపడకుండా బతుకుతారు. వాళ్ళలో మూడు వంశాలు. అటకవంశం వాళ్ళకి చెవులు చాటలంత. మొలకెత్తిన పెసలు కనబడితే ప్రాణం పోయినా ఆగలేరు. అరుగువంశం వాళ్ళకి పాదాలు వెడల్పు. ఒకసారి కూర్చుంటే లేవరు, అబద్ధమాడితే తుమ్ముతారు. పెరటివంశం వాళ్ళు ఎవరి గిన్నె తీసుకున్నా ఖాళీగా తిరిగివ్వరు. ఈ మూడింటికీ మూలపుటమ్మ రాజ్యమవ్వ. ఆ చెవులూ, ఆ పాదాలూ, చేతిలో నిండుగిన్నె, అన్నీ ఆవిడవే. కల్పలత వాళ్ళందరినీ మట్టితో బొమ్మలు చేసింది. ఆ బొమ్మల ఫొటోయే పుస్తకానికి అట్ట. ఫొటోగ్రాఫర్ మేబెల్ సాయంత్రం వస్తుంది. రాత్రికి అట్ట ప్రెస్సుకి చేరకపోతే పబ్లిషర్ ఈ పుస్తకాన్ని పక్కనపెట్టి వేరేది వేసుకుంటానన్నాడు.

“నానా, రాజ్యమవ్వ కనపడ్తలేదు,” అంది కల్పలత. “ముక్కు సరిగ్గ రాలేదని మల్ల చేసిన. మట్టి ఆరొద్దని తడిబట్టల చుట్టి వంటింటి గట్టు మీద పెట్టిన. ఇప్పుడు మూట విప్పితే పెసలున్నయ్.”

“అమ్మ ఎక్కడన్న పెట్టిందేమో, ఫోన్ చెయ్.”

చేసింది. ఫోన్ ఫ్రిజ్ మీద మోగింది.

ఇల్లంతా వెతికారు. కల్పలత సోఫాలో కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. ఈ పిల్ల ఉద్యోగం మానేసిన రోజున బంధువులంతా తలో మాట అన్నారు. సదాశివ కూడా అన్నాడు. ఇప్పుడు ఆ పిల్లని అలా చూస్తూ నిలబడలేకపోయాడు. గతిలేక ఎదురింటి బెల్లు కొట్టాడు.

“రాజ్యమవ్వ పోయింది సార్,” అన్నాడు.

రామ్మోహనరావు కళ్ళజోడు తీసి తలొంచాడు. “ఎప్పుడు?”

“పొద్దుగాల్నే. మూడు వంశాలకి ఆమెనే పెద్ద. ఆమె లేకుంటే అందరు ఎవరికి వాళ్ళే.”

“ఆస్తి తగాదా. నాకు తెలుసు. మనిషి ఎత్తెంత?”

“జానెడు.”

“వయసు మీద పడితే వంగిపోతారు, పాపం. రంగు?”

“మట్టి రంగు. మట్టే సార్. బొమ్మ.”

రామ్మోహనరావు ఒక్క క్షణం ఆగి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “అంటే కిడ్నాప్ చేసి మట్టిబొమ్మగా మార్చారంటావు?”

“లేదు సార్. ముందుగాల్నే బొమ్మ.”

“మరీ మంచిది. సాక్షి నోరు విప్పదని నేరస్థుడికి ముందే తెలుసు. పద.”

దర్యాప్తు షురూ అయింది. ముందుగా ఆయన నవల ప్రతి తెప్పించుకుని వంశాల అధ్యాయం చదివాడు. అక్కడే కొంప మునిగింది. అది కథ అని కల్పలత మొత్తుకుంటున్నా వినకుండా, దాన్ని నేరస్థుల లక్షణాల గ్రంథంగా స్వీకరించాడు.

“అవ్వని తీసి పెసలు పెట్టారు. ఎందుకు? పెసల మీద యావ ఉన్నవాడే ఆ ఉపాయం ఆలోచిస్తాడు. నేరస్థుడు అటకవంశం!”

“అంకుల్, ఆ వంశాన్ని నేను కల్పించిన.”

“నువ్వు కల్పించావు. వాడు పుట్టాడు. ఈ బిల్డింగులో పెద్ద చెవులెవరివి?”

వాచ్‌మన్ ఓంప్రకాశ్‌వి. అతన్ని పైకి పిలిపించి, చెవులు స్కేలుతో కొలిచి, “నిన్న ఏం తిన్నావు?” అని అడిగాడు.

“ఇడ్లీ సార్.”

“పెసలు ఎందుకు తినలేదు? అనుమానం రాకూడదనా?”

ఓంప్రకాశ్ సదాశివ వైపు దీనంగా చూశాడు. సదాశివ పైకప్పు వైపు చూశాడు. ఈలోగా డిటెక్టివ్ వంటింట్లో నేలమీద బోర్లాపడుకుని వెడల్పాటి పాదముద్ర ఒకటి పట్టుకున్నాడు. “అరుగువంశం సుత ఇందులో ఉంది,” అన్నాడు, దర్యాప్తు ఊపులో ‘కూడా’కి బదులు తెలంగాణ మాట దొర్లి. అది సదాశివ పాదం.

“సార్, అది నా ఇల్లు. నా వంటిల్లు. నేను నడవనా?”

దురదృష్టం కొద్దీ సరిగ్గా అప్పుడే కిందింటి పోపు ఘాటుకి సదాశివకి తుమ్మొచ్చింది. రామ్మోహనరావు ఆయన వైపు చాలాసేపు జాలిగా చూశాడు. “స్నేహితుడివని వదలను. రాసుకుంటున్నాను,” అన్నాడు.

సాయంత్రానికి మేబెల్ కెమెరా సంచీతో వచ్చింది. రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి, పనిలో నాన్చుడు గిట్టదు. బల్లమీద మూడు గుంపులుగా నిలబెట్టిన బొమ్మల్ని చూసింది. “నడుమ ఖాళీ ఉంది కదా డార్లింగ్. ఇట్ల తీస్తే ముగ్గురు వేరే వేరే బస్సుల కోసం నిలబడ్డట్టుంది,” అంది.

“అవ్వ లేదు మేబెల్ ఆంటీ. బుక్ పోయినట్టే,” అంది కల్పలత. ఆ మాట వినలేక సదాశివ వరండాలోకి నడిచాడు. పోలీసులకి చెప్పే కేసు కాదు, దేవుడికి చెప్పే కేసు కూడా కాదు. ఉన్నది రామ్మోహనరావు ఒక్కడే. తన బతుక్కి ఇంతకన్నా దుర్దశ ఉందా అనుకున్నాడు.

అంతలో రామ్మోహనరావు అందర్నీ హాల్లో వరసగా కూర్చోబెట్టాడు. “ఇక దాచి లాభం లేదు. హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు.”

“హంతకుడెవరు సార్? ఎవరు సచ్చిన్రు?” అన్నాడు సదాశివ.

“అది తర్వాత. నా దగ్గర ఒక ఎర ఉంది. మొలకలు. మూత తీయగానే ఎవరి నోరూరుతుందో వాడే అటకవంశం.” గుమ్మం వైపు తిరిగి కేకేశాడు. “ఏమోయ్, పొద్దున నీకిచ్చిన డబ్బా పట్రా.”

సీతామహాలక్ష్మి కొంగుకి చేతులు తుడుచుకుంటూ డబ్బా తెచ్చింది. “ఇంకా మొలకలు సరిగ్గా రాలేదేమోనండీ. మూట విప్పకుండా అలాగే ఉంచాను. నిన్నగాక మొన్న పులిహోర పంపిన డబ్బా ఇది, పాపం సుమిత్ర పెసలు పెట్టిచ్చింది.”

సదాశివ కుర్చీ అంచుకి జరిగాడు. కల్పలత లేచి నిలబడింది. రామ్మోహనరావు మాత్రం ఎవరినీ గమనించక, “అందరూ నా మొహం కాదు, ఒకరి నోరు ఒకరు చూడండి,” అని ఆదేశించి, డబ్బా మూత తీసి, తడిమూట బయటికి లాగి, ముడి గట్టిగా ఉంటే బొటనవేలు ఊతంగా పెట్టి విప్పాడు.

చాటచెవులతో, వెడల్పాటి పాదాలతో, చేతిలో నిండుగిన్నెతో రాజ్యమవ్వ ఆయన అరచేతిలో నిలబడింది.

మొదట తేరుకున్నది రామ్మోహనరావే. “చూశారా,” అన్నాడు, గొంతు సవరించుకుని. “ఎర వేస్తే అవ్వే స్వయంగా వచ్చింది.”

కల్పలత బొమ్మని లాక్కుని చూసింది. బుగ్గమీద లోతుగా ఒక నొక్కు పడింది. రామ్మోహనరావు భూతద్దంతో మీదికి వంగాడు. “వేలిముద్ర! నేరస్థుడు ఎప్పుడూ ఒక్క పొరపాటు చేస్తాడు. అందరూ వేళ్ళు చూపించండి.”

అందరూ చూపించారు. ఎవరిదీ సరిపోలేదు. కల్పలత ఆయన బొటనవేలు పట్టుకుని నొక్కులో ఆనించింది. అతికినట్టు సరిపోయింది.

“అంకుల్, మీదే.”

అదే సమయానికి సుమిత్ర కాప్రా నుంచి తిరిగొచ్చింది. సంగతి విని నోరు నొక్కుకుంది. “అయ్యో, గట్టు మీద రెండు మూటలుండె. పెసలే అనుకుని ఒకటి అక్క డబ్బాల పెట్టిన. ఖాళీ డబ్బా ఎట్లిస్త బిడ్డా?”

కల్పలత తల్లిని చూసి నవ్వాపుకోలేకపోయింది. పెరటివంశం లక్షణాలన్నీ ఎక్కణ్ణుంచి ఎత్తిందో అంతవరకూ ఆ పిల్లకి మాత్రమే తెలుసు. మూడు వంశాల్నీ ఈ బిల్డింగు దాటకుండానే పట్టుకొచ్చిందని సదాశివకి అప్పుడు వెలిగింది. తన పాదాల వైపు ఒకసారి చూసుకున్నాడు. ఆ పిల్ల తనని కూడా అంత శ్రద్ధగా చూసిందని తెలిసి కళ్ళు చెమర్చాయి.

“ఆ నొక్కు సరిచెయ్యకు డార్లింగ్. అవ్వ నవ్వుతున్నట్టుంది,” అంది మేబెల్, అప్పటికే కెమెరా ఎక్కుపెట్టి. అట్ట రాత్రికి ప్రెస్సుకి చేరింది.

పుస్తకం వచ్చాక మొదటి ప్రతి రామ్మోహనరావుకే ఇచ్చారు. వంశాల అధ్యాయంలో నాలుగోది కొత్తగా చేరి ఉంది. ఆ వంశం వాళ్ళకి పుట్టుకతోనే బుగ్గమీద నొక్కు ఉంటుంది. పోయిన వస్తువుని ఇంట్లో పెట్టుకుని ఊరంతా సోదా చేస్తారు. దొరికితే తామే కనిపెట్టామంటారు. అయినా కష్టమొస్తే మిగతా మూడు వంశాలూ వెళ్ళి తట్టేది వాళ్ళ తలుపే.

ఆయన రెండుసార్లు చదివి, వరండాలో సదాశివని పట్టుకున్నాడు.

“అమ్మాయి ఈ వంశాన్ని ఎవర్ని చూసి రాసుంటుందయ్యా? మనకి తెలిసినవాడే అయ్యుండాలి.”

“ఏమో సార్. జెర దర్యాప్తు చెయ్యాలె.”

“చేస్తాను,” అని రామ్మోహనరావు భూతద్దం జేబులో వేసుకుని, ముందుగా ఓంప్రకాశ్ బుగ్గలు చూడటానికి లిఫ్టు ఎక్కాడు.