ఆరువందల యాభై వాట్ల ప్రారంభోత్సవం

శనివారం పొద్దున్న అదోమాకో పెట్టుకున్న పని ఒక్కటే. అడుమ్ బజారుకు వెళ్ళి పవర్ సప్లై, అంటే కంప్యూటరు లోపలి ముక్కలకు కరెంటు పంచే పెట్టె, కొనుక్కురావడం. అదొక్కటి వస్తే, ఏడు నెలలుగా మంచం కింద ముక్కలు ముక్కలుగా పడి ఉన్న అతని కంప్యూటరు ఒక రూపానికి వస్తుంది.

ఆ ముక్కలు ఊరికే రాలేదు. ఊరికి మునిసిపాలిటీ లాంటి అసెంబ్లీ ఆఫీసులో జనన మరణాల రిజిస్టరు రాసే గుమాస్తా జీతంతో ఆటలాడే కంప్యూటరు కట్టాలంటే ఒక్కో ముక్కకు ఒక్కో నెల చర్చ. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే తాహతు లేదు కనుక, బొమ్మల పని కూడా తనే చూసుకునే ప్రాసెసర్ వెతికి పట్టాడు. దానికి నప్పే మదర్‌బోర్డు పట్టాడు. ఎనిమిదేసి జీబీల ర్యామ్‌లు రెండు తెచ్చినప్పుడు భార్య సెర్వా పొరపాటున, "పదహారుది ఒకటే తేవచ్చుగా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ముప్పావు గంట సాగింది. కంప్యూటరు డబ్బా మాత్రం ఏ దేశంలోనో ఎవరో వాడి వదిలేసినది. అన్నీ పాతవి కొన్నా ఫరవాలేదు గానీ పవర్ సప్లై మాత్రం కొత్తదే కొనాలనీ, అది పేలితే మిగతావాటిని కూడా తీసుకుపోతుందనీ ఇంటర్నెట్టులో ముక్కూ ముఖం తెలియని పెద్దలందరూ అతనికి చెప్పారు. వాళ్ళు రాసింది చదివినంత శ్రద్ధగా అదోమాకో కూతురి టీకాల కార్డు ఏనాడూ చదవలేదు.

కంప్యూటరు దేనికంటే, కూతురి చదువుకట. కూతురు పొకువాకు ఏడో నెల. ఆమె చదువు ప్రస్తుతానికి కాలి బొటనవేలు నోట్లో పెట్టుకోవడం దాకా వచ్చింది.

ఇంకొక్క సంగతి. ఆ పేటకు తొమ్మిది రోజులుగా కరెంటు లేదు.

"కరెంటు లేని ఇంట్లో కంప్యూటరేంటయ్యా?" అంది సెర్వా. ఆమె చేతిలో అట్టముక్క ఉంది. తొమ్మిది రోజులుగా దాంతోనే పిల్లకు విసురుతోంది. "పిల్ల ఒళ్ళంతా చెమటకాయలు. రాత్రి కన్ను మూసిందా, చూశావా? ఆ డబ్బుతో ఓ బ్యాటరీ ఫ్యాను తేరాదూ?"

"కరెంటు ఎప్పుడొస్తే అప్పటికి నేను సిద్ధంగా ఉండాలా వద్దా?" అన్నాడు అదోమాకో చెప్పులేసుకుంటూ. ముంగిట్లోకి వచ్చాక అతని గొంతు దానంతటదే పెరిగింది. "అన్నీ అయిపోయాయి సెర్వా, పవర్ సప్లై ఒక్కటే తక్కువ. ఇవాళ తెచ్చేస్తున్నా! ఆరువందల యాభై వాట్లు! మధ్యాహ్నానికి బిగించేస్తా. ఇక చూస్కో, ఫ్యాన్లన్నీ గిర్రున తిరుగుతాయి!"

అతను చెప్పింది కంప్యూటరు డబ్బాలో ఉండే చిన్న ఫ్యాన్ల గురించి. కానీ ఆ ఇల్లు పదకొండు గదులూ, ఒక ముంగిలీ, అందరికీ కలిపి ఒక మీటరూ ఉన్న ఇల్లు. ముంగిట్లో అన్న మాట ఎవరి సొంతమూ కాదు. కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న అఫ్రాకోమమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. ఆమెది చేపల వ్యాపారం. ఆమె గదిలో మనిషెత్తు ఫ్రీజరు తొమ్మిది రోజులుగా బట్టల బీరువాగా పనిచేస్తోంది.

అదోమాకో షేరు వ్యాను ట్రోట్రో ఎక్కి వెళ్ళగానే ఆమె సెర్వా దగ్గరికి చేరింది.

"మీ ఆయన పవర్ సప్లై తెస్తున్నాడటే?"

"అయ్యో, అది కంప్యూటరుది పిన్నీ."

"కంప్యూటరుదా! మరింకేం కావాలి? ఇప్పుడంతా దాంతోనేగా. మీటర్లో డబ్బులెయ్యడం కంప్యూటరే, బిల్లు కంప్యూటరే. ఆ పాత రకం కరెంటు కాబట్టే ఇన్నాళ్ళూ పోతోంది."

"కాదు పిన్నీ, అది ఆటలాడుకోడానికి..."

"చెప్పొద్దన్నాడా?" అఫ్రాకోమమ్మ కన్నుకొట్టింది. "సరేలే. అసెంబ్లీలో పనిచేసేవాడి పెళ్ళానివి, పైవాళ్ళ గుట్టు బయట అనకూడదు. నేనేమీ వినలేదు పో."

ఏమీ వినని ఆ మనిషి పది నిమిషాల్లో పదకొండు గదులకూ వినిపించింది. ఆ తర్వాత అయిదు పెట్టెల చేపలకు ఫోను చేసి, బట్టలు బయటపడేసి ఫ్రీజరు కడగడం మొదలుపెట్టింది. మూడో గదిలోని టైలర్ అట్టా, మిషను నడవదని వారం రోజులుగా తిప్పి పంపుతున్న, చావులకు కట్టుకునే ముప్పై జతల బట్టలనూ కబురు పంపి తెప్పించుకున్నాడు. సెర్వా గదిగదికీ వెళ్ళి అది కాదు, ఇది అని చెప్పి చూసింది. ఎంత కాదంటే అంత నమ్మారు. కాదని అంత గట్టిగా చెబుతోందంటే లోపల ఎంత పెద్ద సంగతి ఉండాలి!

ఇంటి యజమాని జిమా తాత మాత్రం నమ్మి ఊరుకోలేదు. నేరుగా వార్డు సభ్యుడికి ఫోను కొట్టాడు. ఆ సభ్యుణ్ణి పేటంతా ఆనరబుల్ బ్రెంపాంగ్ అంటుంది. వట్టి బ్రెంపాంగ్ అంటే ఆయన పలకడు.

"ఏం ఆనరబుల్! నీకు ఓటేసి తొమ్మిది రోజులు చీకట్లో కూచున్నాం. చివరికి మా ఇంట్లో గుమాస్తా కుర్రాడు తెస్తున్నాడయ్యా కరెంటు. సొంతంగా! నువ్వు ఇంట్లో పడుకో హాయిగా."

కరెంటు రాకపోవడం ఆనరబుల్‌ను తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా బాధించలేదు. ఇంకొకడి పేరు మీద వస్తుందనేసరికి ప్రాణం లేచి వచ్చింది.

"సొంతంగా ఏంటి తాతగారూ? ఆ అబ్బాయిని పంపిందెవరనుకున్నారు? సర్‌ప్రైజుగా ఉంటుందని చెప్పలేదు. జనాన్ని పిలవండి. వచ్చేస్తున్నా."

గంటలో ముంగిలి నిండిపోయింది. ఆ ఊళ్ళో చావు కార్యాలు పెట్టుకునేది శనివారమే కనుక షామియానాలన్నీ వాటికే వెళ్ళిపోయాయి. ఎలాగో పక్క వీధి చావులోంచి ఎరుపూ నలుపూ షామియానాలు రెండు లాక్కొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. మనిషంత స్పీకర్లు వచ్చాయి. వాటిని నడిపించడానికి జెనరేటరు కూడా వచ్చింది. ఆ జెనరేటరుకు పిల్ల ఫ్యాను తగిలించుకోనివ్వమని సెర్వా అడిగితే, "కార్యక్రమానికి ఇబ్బందమ్మా" అన్నారు. ఆనరబుల్ మనిషి ఒకడు ఎఫ్ఎం రేడియోకు ఫోను చేసి, ఆనరబుల్ తన సొంత కృషితో పేటకు ప్రత్యేకంగా పవర్ సప్లై తెప్పించారనీ, మధ్యాహ్నం నుంచే ఇళ్ళకు ఇస్తున్నారనీ చెప్పేశాడు. రేడియోవాళ్ళు గంటకు నాలుగుసార్లు చొప్పున ఆ ముక్కే చదివారు.

ఇవేమీ తెలియని అదోమాకో అడుమ్‌లో పవర్ సప్లైలను చేతుల్లో పెట్టుకుని బరువు చూస్తున్నాడు. "ఇది తేలిగ్గా ఉంది. లోపలేమీ లేదు," అని మొదటిది తోసేశాడు. "తమ్ముడూ, ఇది పవర్ సప్లై, కొబ్బరికాయ కాదు," అన్నాడు కొట్టువాడు. నాలుగోది చేతిని కిందికి లాగింది. అదే కొన్నాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని రసీదు మీద పెద్ద అక్షరాలతో ఉంది. దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బండెక్కాడు.

వీధి మలుపు తిరగగానే ఇంటి ముందు చావుకు వేసే ఎరుపూ నలుపూ షామియానాలు కనబడ్డాయి. ఎవరు పోయారు? సెర్వానా? పిల్లా? సోమవారం రిజిస్టరులో రాయాల్సింది తనే కదా! పెట్టె గుండెకు హత్తుకుని పరుగెత్తాడు. సెర్వా పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ బతికే ఉన్నారు. అప్పుడు చూశాడు, రెండువందల మంది తనవంక చూసి చప్పట్లు కొడుతున్నారు.

"ఏదీ, వస్తువేదీ తమ్ముడూ?" ఆనరబుల్ మైకు చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు. చెప్పుల డబ్బా అంత పెట్టె చూసి గొంతు తగ్గించాడు. "ఇంతేనా?"

"ఆనరబుల్ గారూ, ఇది నా..."

"మన," అన్నాడు ఆయన మైకు అరచేత్తో మూసి. "మన అనాలి. సభలో 'నా' అనకూడదు."

జిమా తాత పెట్టె అందుకుని అటూ ఇటూ ఊపాడు. "బరువుంది. మంచి సరుకే," అని తీర్పు చెప్పాడు. దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది.

అదోమాకో మైకు లాక్కుని ధైర్యం చేశాడు. "అందరూ వినండి! ఇది ఇంటికి కరెంటు ఇవ్వదు. ఇంట్లో కరెంటుంటేనే ఇది పనిచేస్తుంది!"

"ఎంత వినయమో చూశారా!" అంది అఫ్రాకోమమ్మ. మళ్ళీ చప్పట్లు.

సెర్వా అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "నోర్ముయ్. పొద్దుట్నుంచీ నేను చెప్పి చెప్పి చచ్చాను. ఆమె అయిదు పెట్టెల చేపలు దింపింది. ఇది ఉత్తదని నీ నోటితో తేలిందో, ఆ చేపలన్నీ మన గుమ్మంలో పోస్తుంది. పిల్లతో ఎక్కడికి పోతాం?"

ఆనరబుల్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ప్రపంచంలో వెలుగు ఎలా పుట్టిందన్న దగ్గర మొదలై, తన చిన్నతనం మీదుగా నలభై నిమిషాలకు ఈ పెట్టె దాకా వచ్చింది. పవర్ సప్లైని అట్టపెట్టెలోంచి తీసి, బల్ల మీద పెట్టి ఎర్ర రిబ్బను కట్టారు. దాని తీగ ఒకటి మీటరు వైపు వేలాడుతోంది. అది దేనికీ తగలడం లేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు ఆఫీసు బండి వచ్చి ఆగింది. ఎవరో సొంతంగా కరెంటు తెచ్చి ఇళ్ళకు పంచుతున్నారని ఆఫీసులో రేడియో చెప్పింది. కరెంటు ఇమ్మని తొమ్మిది రోజులు మొత్తుకున్నా రాని బండి, దొంగ కరెంటు పీకడానికి అరగంటలో వచ్చింది.

"ఎవర్రా లైను లాగింది?" అంటూ దిగాడు పెద్ద లైన్‌మ్యాన్. ఆ మాట స్పీకర్ల మోతలో కలిసిపోయింది.

"ఇదుగో, మన ఇంజనీర్లు కూడా విచ్చేశారు!" అన్నాడు ఆనరబుల్. "నేను చెప్పానా లేదా? కుర్చీలెయ్యండి!"

పెద్దవాణ్ణి నలుగురు పట్టుకుని ముందు వరస కుర్చీలో కూలేశారు. చల్లగా లేని కూల్‌డ్రింకు ఒకటి చేతిలో పెట్టారు. రెండోవాడు ఎవరికీ చిక్కకుండా దొంగ తీగ వెతుకుతూ వీధి స్తంభం ఎక్కాడు. పైన దొంగ తీగ లేదు. పేటంతా కాలిపోయిందని చెప్పుకుంటున్న ట్రాన్స్‌ఫార్మరు కూడా నిక్షేపంలా ఉంది. ఫ్యూజు ఒకటి ఊడి వేలాడుతోంది, అంతే. బాగుందో లేదో చూద్దామని వాడు దాన్ని లోపలికి నొక్కాడు.

కింద ఆనరబుల్ రిబ్బను కత్తిరించాడు.

అఫ్రాకోమమ్మ ఫ్రీజరు ఉరిమింది. కట్టేయడం మరిచిన రేడియోలు నాలుగు వైపుల నుంచీ ఒకేసారి అరిచాయి. అట్టా మిషను, కాలు దాని మీదే ఉందేమో, ఖాళీ గుడ్డను సగం దాకా కుట్టేసింది. ఆనరబుల్ కత్తెర వదిలేసి వెనక్కి గెంతాడు. రెండు క్షణాల తర్వాత గానీ తను చేసిన ఘనకార్యం ఆయనకు తెలిసి రాలేదు.

లైన్‌మ్యాన్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫ్యూజు తోయడానికి తొమ్మిది రోజులు ఎందుకు పట్టిందని ఇక్కడెవరూ అడగడం లేదు. అడగని జనానికి వాళ్ళు కూడా ఏమీ చెప్పలేదు. చేతికిచ్చిన చేపల పొట్లం పుచ్చుకుని బండెక్కారు.

సాయంత్రానికి పవర్ సప్లై మీటరు పైన మేకుకు ఎక్కింది. కింద ఆనరబుల్ పేరూ తేదీ రాసిన చెక్క పలక కొట్టారు. జనం పలచబడ్డాక అదోమాకో స్టూలు వేసుకోబోతే జిమా తాత కర్ర అడ్డం పెట్టాడు.

"ఏంటా పని?"

"తాతా, అది నాది. రసీదుంది. నా కంప్యూటరుకి..."

"ప్రారంభోత్సవం అయిన వస్తువురా అది. ఇంకా నాదీ నీదీ అంటావేంటి?"

అదోమాకో గదిలోకి వచ్చి సెర్వా మీద పడ్డాడు. "నువ్వైనా చెప్పవే! దాని తీగ గాలిలో వేలాడుతోంది, దేనికీ తగల్లేదు! వీళ్ళకి కళ్ళు లేవా?"

"మెల్లిగా మాట్లాడు," అంది సెర్వా. ఫ్యాను తిరుగుతోంది. దాని కింద పొకువా, కాళ్ళూ చేతులూ వదిలేసి, తొమ్మిది రోజుల నిద్ర ఒక్కసారే పోతోంది. "తగల్లేదని నాకు తెలుసు. నేనే ముందు చూశాను. కానీ అది గోడ మీద ఉండగా కరెంటు పోతే ఆనరబుల్‌ని తిడతారు. నువ్వు తీశాక పోతే మనల్ని తిడతారు. పోదని రాసిస్తావా? దాని మీద చెయ్యేశావంటే నీ మదర్‌బోర్డు చేపలు కోసే చెక్క కింద ఇస్తా పిన్నికి."

అదోమాకో మంచం కిందికి వంగి ముక్కలన్నీ ఒకసారి చూసుకుని, మళ్ళీ లోపలికి తోశాడు. ఇంకో పవర్ సప్లై కొనాలంటే ఎన్ని నెలలు ఆగాలో లెక్క కట్టే ధైర్యం కూడా లేకపోయింది.

మర్నాడు చర్చి వదిలాక నలుగురు పెద్దమనుషులు తెల్లబట్టల్లో అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. కొండవాలు పేటవాళ్ళు. వాళ్ళకు మూడు వారాలుగా కరెంటు లేదు. రేడియోలో విన్నారు. గోడ మీది పెట్టెను తలలెత్తి చాలాసేపు చూశారు. అందులో ఒకాయన టోపీ కూడా తీశాడు.

"మీరు అసెంబ్లీలో తెలిసినవారట. మాకూ అలాంటిది చూడాలి. ఎన్ని వాట్లదైతే బాగుంటుందంటారు?"

అదోమాకో నోరు తెరిచాడు. అది కంప్యూటరుదనీ, కరెంటు ఇవ్వదనీ, ఫ్యూజనీ చెప్పబోయాడు. నిన్న ఆ మాటలకు పడ్డ చప్పట్లు గుర్తొచ్చాయి. గుమ్మంలో సెర్వా అతనివంకే చూస్తోంది. అతను గొంతు సవరించుకుని, రిజిస్టరు ముందు కూచున్న ముఖం పెట్టాడు.

"మీది పెద్ద పేట. ఏడువందల యాభై వాట్లది తీసుకోండి," అన్నాడు. "రెండు తేవాలి. ఒకటి ప్రారంభోత్సవానికి, రెండోది నా దగ్గర ఉండాలి."