చేపల రక్షణ సంఘం కట్టించిన ఎర

ఒక పెద్ద అడవిలో ఒక మడుగు, ఆ మడుగులో ఒక కొర్రమీను, ఆ కొర్రమీను కడుపులో ఏ పూటకాపూట నాలుగు పరిగెలు ఉండేవి.

మిగిలిన పరిగెలు "మా బతుకులు మావే" అని నినాదాలు చేస్తే, చివరికి చేపల రక్షణ సంఘం వెలిసింది. అధ్యక్షపదవి నీటికుక్కకి, సలహాదారు పదవి కొంగకి దక్కాయి.

"మీరిద్దరూ మమ్మల్ని తినేవాళ్ళే కదా?" అంది చుక్కి. తోక మీద నల్లచుక్క ఉన్న చిన్న పరిగె అది.

"అందుకేనమ్మా! చేపల విషయంలో మాకున్న అనుభవం ఇంకెవరికుంది?" అంది నీటికుక్క.

ముల్లుకి చేపబొమ్మ కట్టి, దాన్ని ఎరగా వేసి కొర్రమీనుని పట్టాలని తీర్మానించారు. గూళ్ళు అల్లే గిజిగాడికి పని అప్పగించారు.

కొంగ గొంతు సవరించుకుంది. "అధ్యక్షులు బొమ్మని తనిఖీ చేసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ముల్లుకి ఈ చుక్కినే గుచ్చుదాం. జాతి కోసం త్యాగం!"

"ఎప్పుడు చూసినా త్యాగం మా వంతే ఎందుకొస్తుందండీ?"

"నోరెక్కువైంది నీకు," అంది కొంగ.

గిజిగాడు గట్టు పక్కన పని మొదలెట్టాడు. చుక్కి లోతు లేని నీళ్ళలో నమూనాగా నిలబడింది. వంపు తిరిగిన రేగుముల్లుకి అతను ఉడత తోక వెంట్రుకలు పలచగా కట్టాడు. వీపు మెరవడానికి నెమలి ఈక పోగులు రెండు, పొట్టకి కొంగ రాల్చిన తెల్ల ఈక. తుమ్మజిగురుతో ఆవగింజని కన్నుగా అంటించాడు.

"బాబాయ్, మరీ బక్కగా ఉంది. ఇంకొన్ని వెంట్రుకలు కట్టవా? నా ప్రాణం దాని మీదే ఉంది."

"ఎక్కువ కడితే నీళ్ళలో చీపురుకట్టే పిల్లా! పలచగా ఉంటేనే ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతుంది. ఇంకో సంగతి చెప్పనా? తిన్నగా ఈదేదాన్ని ఎవడూ తరమడు. కాస్త పోయి ఆగాలి, పక్కకి ఒరగాలి, మళ్ళీ లేవాలి. కుంటేదాన్ని చూస్తేనే కోరలకి ఉత్సాహం."

తనిఖీ రోజు వచ్చింది. బొమ్మకి నారతాడు ముడేసి, తాడు రెండో కొస మద్దిచెట్టు కొమ్మకి కట్టారు. నీటికుక్క మడుగులోకి దిగి చూసింది.

"మెరుపు చాల్లేదు."

గిజిగాడు ఇంకో నెమలి పోగు కట్టాడు.

"కన్ను చిన్నది."

పెద్ద ఆవగింజ అంటించాడు.

"ఏమోనయ్యా, పరిగెలా అనిపించట్లేదు. ఇక లాభం లేదు."

కొంగ అప్పటికే చుక్కి వైపు మెడ సాచింది.

"బాబాయ్!" అని అరిచింది చుక్కి. "ఒక్కసారి కుంటించు!"

గిజిగాడు ముక్కుతో తాడు లాగి వదిలాడు. బొమ్మ కాస్త పోయి ఆగింది. పక్కకి ఒరిగింది. పాపం, లేవలేక లేచింది.

"ఆహా, ఇప్పుడు అచ్చు..." అంటూనే అధ్యక్షులవారు దాన్ని లటుక్కున నోట కరిచారు.

ముల్లు దవడలో దిగింది. కొమ్మ వంగింది గానీ తాడు తెగలేదు.

"ఊఁ! ఊఁ!" అంది నీటికుక్క.

చుక్కికి సందు దొరికింది. "అధ్యక్షా! బొమ్మ పరిగెలాగే ఉందా?"

"ఊఁ!"

"నన్ను గుచ్చే తీర్మానం రద్దేనా?"

"ఊఁ! ఊఁ!"

"రెండుసార్లు అన్నారు. ఏకగ్రీవం!" అన్నాడు గిజిగాడు.

కొంగ ఆ ముల్లుని మరోసారి చూసి, చుక్కి వైపు సాచిన మెడని వెనక్కి లాక్కుంది. ముల్లు తీయడానికి ఒక ఉపసంఘం వేశారు. అది ఇంకా సమావేశం కాలేదు.

అడుగు నుంచి ఇదంతా చూసిన కొర్రమీనుకి కుంటే చేపలో ముల్లుంటుందని అర్థమైంది. ఆ రోజు నుంచి కుంటే చేప కనబడితే చాలు, బురదలోకి దూరిపోతోంది. ఆ సంగతి ముందుగా చుక్కి కనిపెట్టింది.

ఇప్పుడు ఆ మడుగులో పరిగెలన్నీ కాస్త పోయి ఆగుతాయి, పక్కకి ఒరుగుతాయి, మళ్ళీ లేస్తాయి.

నీతి: రక్షకులున్న చోట బతకాలంటే అసలువాళ్ళే నకిలీని చూసి నడక నేర్చుకోవాలి.